చేతులు చాచిన కుర్చీ

సూర్యాపేటలో ఒక పాత పెంకుటిల్లు కూలగొడుతున్నారు. బయట ట్రాలీ ఆటో ఆగి ఉంది. దూలాలు, ద్వారబంధాలు, సొట్టలు పడ్డ ఇత్తడి బిందెలు ఎక్కించాక, అన్నిటి మీదా ఒక పడక కుర్చీని బోర్లించి తాడు కట్టారు. టేకు కుర్చీ. దాని చేతులు మామూలు కుర్చీల్లా మోచేతి దగ్గర ఆగవు, మూరెడు ముందుకు సాగుతాయి. ఒక్కో చేతి కింద ఇంకో పలక దాగి ఉంటుంది. దాన్ని బయటికి తిప్పితే కాళ్ళు చాపుకోవడానికి ఆసరా. కుడిచేతి పలక మీద, అరచేయి ఆనే మేర మాత్రం, చెక్క అద్దంలా నున్నబడి ఉంది. ఎన్నేళ్ళు ఎవరి చేయి అక్కడ ఆనిందో! కొన్నాయన దాన్ని కట్టెల లెక్కన తూచి పట్టుకుపోయాడు.

పడక కుర్చీ అనగానే టీ, కాఫీ తోటల తెల్లదొరలు, వాళ్ళ బంగళా వరండాలు గుర్తుకొస్తాయి. కానీ కుర్చీల సంగతిలో మనవాళ్ళు నేర్చుకున్నవాళ్ళే కాదు, చేసి పంపినవాళ్ళు కూడా. 17వ శతాబ్దంలో కోరమాండల్ తీరాన ఎబొనీ అనే నల్లచేవ కర్రతో కుర్చీలు చేసేవారు. మెలితిరిగిన కోళ్ళు, వీపు పలక నిండా ఒత్తుగా చెక్కిన తీగలూ పువ్వులూ, కూర్చునే చోట పేము అల్లిక. ఓడలెక్కి యూరప్ చేరిన ఆ కుర్చీల పుట్టిల్లు ఏదో కొన్నాళ్ళకు అక్కడివాళ్ళు మరిచిపోయారు. 18వ శతాబ్దపు ఆంగ్ల రచయిత హోరేస్ వాల్‌పోల్ వాటిని ఏరి కొని, లండన్ దగ్గరి తన స్ట్రాబెర్రీ హిల్ భవనంలో పెట్టుకున్నాడు. అవి ట్యూడర్ రాజుల కాలంనాటి ఇంగ్లిష్ కుర్చీలని ఆయన గట్టి నమ్మకం. మన తీరపు పనితనమని తర్వాతి పండితులు తేల్చారు. అదే 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్ళు ఏనుగు దంతం పొదిగిన కుర్చీలు చేసి ఈస్టిండియా కంపెనీ అధికారులకు అమ్మారు. ఆ చేతుల పేర్లు ఒక్కటీ మనకు మిగల్లేదు.

సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి చివరికి అదే తీరాన ఉన్న మచిలీపట్నంలో ఆగుతుంది. గోల్కొండ నుంచి ఆ రేవుకు సరుకు మోసిన పాత బాట కూడా దాదాపు ఇటే సాగేది. రేవుకు ఇంత దగ్గరి దారిలో ఉండి కూడా ఈ పల్లెల్లో కుర్చీ చాలాకాలం ఒక్కరిదే. అది దొర గడీలో ఉండేది. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబం కింద లక్షన్నర ఎకరాలు ఉండేవని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. అలాంటి దొరల ముందు రైతు కూర్చోవడమన్న మాటే లేదు. దొర వీధిలో వస్తుంటే తన గుమ్మం ముందు, తన నులక మంచం మీద కూర్చున్న మనిషి కూడా దిగ్గున లేచి, చెప్పులు విడిచి నిలబడాలి. 1946లో ఇక్కడ రైతులు తిరగబడింది భూమి కోసమే కాదు, వెట్టి పోవాలని, నిలబడ్డ కాళ్ళకు కూర్చునే హక్కు రావాలని కూడా. పాత కుర్చీ అందాన్ని మెచ్చుకునేటప్పుడు దాని ఎదుట నిలబడినవాళ్ళను మరిచిపోతే ఆ మెప్పులో సగం అబద్ధం ఉంటుంది.

అందుకే ప్లాస్టిక్ కుర్చీని తేలిగ్గా తీసిపారేయడం సాధ్యం కాదు. కోదాడలో ఏ పెళ్ళికి వెళ్ళినా టెంట్ హౌస్ వాళ్ళు దించేవి అవే. ఎండకు పెళుసెక్కుతాయి, కాలు విరిగితే అతుకు పడదు. కానీ అన్నిటి ఎత్తూ ఒకటే. పటేలు మనవడూ పాలేరు మనవడూ పక్కపక్కన కూర్చుని ఆకు ముందుకు జరుపుకుంటారు. మన ఊళ్ళకు ఇంత మేలు చేసిన కుర్చీ ఇంకోటి లేదు.

పోయింది మాత్రం చేతిపని. పేమును నీళ్ళలో నానబెట్టి, చట్రం చుట్టూ ఉన్న బెజ్జాల్లోంచి నిలువుగా రెండు వరసలు, అడ్డంగా రెండు, ఐమూలగా రెండు లాగి బిగిస్తే ఎనిమిది మూలల చిన్న చిన్న కళ్ళు ఏర్పడతాయి. వీపుకు గాలి తగిలేది వాటిలోంచే. ఈ పని చేసినవాళ్ళలో చాలామంది చూపు లేనివాళ్ళు. అంధుల బడుల్లో ఈ అల్లిక నేర్పేవారు. సర్కారు ఆఫీసుల కుర్చీలు అల్లడం వాళ్ళకు బతుకుతెరువు. వేలికొసలతో బెజ్జాలు తడుముకుంటూ, ఒక్క వరసా తప్పకుండా అల్లేవారు. కొత్త కుర్చీలకు ఆ అల్లిక అక్కర్లేకపోయింది, పని అడిగేవాళ్ళూ తగ్గిపోయారు. ఆఫీసుల్లో, గ్రంథాలయాల్లో పాత కుర్చీలను వేలానికి పెట్టేముందు ఒకటి రెండైనా ఆపి, తెలిసిన చేతులతో అల్లించి ఉంచాలి. ఎవరు కూర్చున్నారో, ఎవరు నిలబడ్డారో పక్కన చిన్న పలక మీద రాయాలి.

మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు ఆఫీసు గదిలో అలాంటి టేకు కుర్చీ ఇంకా వాడుకలో ఉంది. పేము తెగిపోతే పైన ప్లైవుడ్ ముక్క బిగించారు. వంగి చూస్తే చట్రం కింద బెజ్జాల వరస చెక్కుచెదరలేదు, ఒక మూల ఎండిన పేము పోగు కూడా ఇరుక్కుని ఉంది. “మేకులు బెజ్జాలకు తాకకుండ జూసి కొట్టించిన సార్,” అన్నాడు ముసలి గుమాస్తా. “అల్లేటాయన ఎప్పుడన్న దొరికితే పనికొస్తయి గద.”