ఫరో ముందు మంత్రసానులు

మగబిడ్డల్ని చంపమని ఫరో ఆజ్ఞాపిస్తే షిఫ్రా, పూయా అనే మంత్రసానులు దేవునికి భయపడి ఆ పని చేయలేదని నిర్గమకాండంలో చదువుతాం. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఇద్దరు క్యాథలిక్ మంత్రసానులు కూడా అలాగే కాదన్నారు. గర్భస్రావాలు చేయడమే కాదు, చేసే సిబ్బందిపై అజమాయిషీ కూడా తమవల్ల కాదన్నారు. 1967 నాటి చట్టం మనస్సాక్షికి చోటిచ్చింది నిజమే గాని, అది స్వయంగా చేసే పనికే వర్తిస్తుందని బ్రిటన్ సుప్రీంకోర్టు 2014 డిసెంబరులో తేల్చింది. ఆ సహోదరీల బాధ మనకు తెలుసు. వార్డును నడిపిస్తూ చేతులు కడుక్కోవడం ఎలా? అయితే తల్లి ప్రాణం మీదికి వస్తే మాత్రం ఆ చట్టం ఎవరినీ తప్పుకోనివ్వదు. అది సబబేనంటాం. కాదన్న కష్టం మనం పడాలి గాని, మంచం మీదున్న తల్లి పడకూడదు. ఫరో పిలిపించి నిలదీస్తే జవాబు చెప్పుకున్నది ఆ మంత్రసానులే.