ఫోటో దిగే ముందు

పిల్లలూ! మా కల్వకుర్తిలో ఫోటో స్టూడియోల ముందునుంచి పోతూ ఉంటే నాకు ఒక తమాషా కనిపిస్తుంది. పరీక్షకు కట్టడానికి ఫోటో కావలసిన పిల్లలు అద్దం ముందు నిలబడి ముఖానికి పౌడరు దట్టిస్తూ ఉంటారు. ముఖం తెల్లగా, మెడ మామూలుగా తయారై, ఊపిరి బిగబట్టి, గుడ్లు మిటకరించి కెమేరా ముందు కూర్చుంటారు. ఫోటో చేతికి వచ్చాక, “ఇది నేను కానే కాదు. నేను ఫోటోల్లో బాగా పడను” అని మూతి ముడుచుకుంటారు.

బాగా పడకపోవడానికి కారణం మీ ముఖం కాదు. ఎందుకో చెబుతాను, వినండి.

మీ ముఖం మీరు చూసుకునేది అద్దంలో. మీ పాపిట ఎడమవైపు ఉంటే అద్దంలో కూడా మీ ఎడమచేతి వైపే కనబడుతుంది. ఫోటోలో అయితే మీకు కుడిచేతి వైపున పడుతుంది. ఎవరి ముఖంలోనూ రెండు సగాలూ అచ్చంగా ఒక్కలా ఉండవు కదా? అందుచేత ఫోటోలోని ముఖం మీకు కొత్తగా తోస్తుంది. మీ అమ్మ మాత్రం, “ఎంత బాగా పడ్డావురా!” అంటుంది. ఆమె రోజూ చూసే ముఖం అదే మరి.

ఇక దూరం సంగతి. ముక్కు కొన నుంచి చెవి 12 సెంటీమీటర్లు వెనక ఉందనుకోండి. సెల్‌ఫోనును ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో పెడితే చెవి 42 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దగ్గరిది పెద్దగా, దూరపుది చిన్నగా పడుతుంది. కాబట్టి చెవితో పోలిస్తే ముక్కు ఉండవలసిన దానికంటె 1.4 రెట్లు పెద్దదై కూర్చుంటుంది. అదే ఫోను మీటరున్నర దూరంలో ఉంటే ఆ తేడా 1.08 రెట్లే. కనుక ఫోను మరొకరి చేతికిచ్చి రెండడుగులు వెనక్కి జరగమనండి. ముక్కు తన చోటికి తాను వస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది వెలుతురు. మనం పూర్వం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేవాళ్లం కదా (2016 నుంచి మనం నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నాం). ఆ పేరు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌ది. ఆయన ఆస్థానంలో ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం చేస్తూ కెమేరా పట్టాడు. తర్వాత సికిందరాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో పరదా పాటించే స్త్రీలకోసం హైదరాబాదులో ప్రత్యేకంగా మరొక స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్లేయ మహిళకు అప్పగించాడు. ఆ రోజుల్లో స్టూడియోలు కరెంటు దీపాలను నమ్ముకున్నవి కావు. పెద్ద పెద్ద కిటికీల అద్దాల గుండా వచ్చే వెలుతురే వాటికి ఆధారం. ఎండ తిన్నగా పడకూడదని ఆ కిటికీలను ఉత్తర దిక్కున పెట్టేవారు. అది ఐరోపావారి లెక్క. మనకు పూర్తిగా కుదరదు. మే మొదటివారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన ఊళ్లో నెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు!

మనకు అద్దాల స్టూడియో అక్కరలేదు. ఇంటి వాకిలి చాలు. చేత అద్దం పట్టుకొని పగటిపూట బయట ఎండలో నిలబడి చూసుకోండి. కళ్లకింద, ముక్కుకింద నల్లని నీడలు; కళ్లు చిట్లించుకుపోతాయి. ఇప్పుడు గడప దాటి రెండడుగులు లోపలికి వచ్చి, బయటివైపు తిరిగి నిలబడండి. నీడలు మెత్తబడతాయి. నల్లగుడ్డులో చిన్న మెరుపు కనిపిస్తుంది. అది వాకిలి ప్రతిబింబం. ఆ మెరుపు ఉంటే ముఖానికి ప్రాణం వచ్చినట్టే. ఒక పక్క మరీ చీకటిగా ఉంటే అటువైపు తాతగారి తెల్లధోవతి ఒకటి ఎవరిచేతనైనా పట్టించండి. దాని మీద పడిన వెలుతురు మీ చెంప మీదికి తిరిగి వస్తుంది.

ఇప్పుడు పౌడరు సంగతికి వద్దాం. నల్లగా ఉంటే ఫోటోలో బాగా పడరనే మాట ఎక్కడినుంచి వచ్చింది? తొలినాటి ఫోటో పలకలకు నీలికాంతి బాగా అంటేది, ఎరుపు అంటేది కాదు. మన చర్మంలోని గోధుమరంగు, ఎరుపుజీర వాటికి చీకటితో సమానం. అందుకని ఉన్నదానికంటె నల్లగా పడేవాళ్లం. తర్వాత రంగుల ఫిల్ములు వచ్చినా, చాలా ఏళ్లు వాటి రంగులను సరిచూసుకోవడానికి తెల్లజాతి స్త్రీల ఫోటోలనే కొలబద్దగా పెట్టుకున్నారు. లోపం పలకది, ఫిల్ముది. నింద మాత్రం ముఖానికి వచ్చింది.

ఇప్పటి కెమేరాకూ ఒక బలహీనత ఉంది. తెల్లచొక్కా, తెల్లగోడ ఎదుట కనబడితే, వెలుతురు ఎక్కువైందనుకొని అంతటినీ తగ్గించివేస్తుంది. దాంతో ముఖం చీకటైపోతుంది. ఫోను తెర మీద ముఖం ఉన్నచోట వేలితో తాకండి. వెలుతురును అప్పుడు ముఖాన్ని బట్టి కొలుస్తుంది. ముఖాన్ని తెల్లగా మార్చే కిటుకులు ఫోనులో ఉంటాయి. వాటి జోలికి పోకండి. పరీక్ష హాల్లో మీ ముఖాన్నీ ఫోటోనూ పోల్చి చూసే మాస్టరుగారిని తికమక పెట్టడం దేనికి?

ఈ సంగతులు నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది. ముప్పై ఏళ్ల కిందట మా తరగతి గ్రూపుఫోటో తీయించాం. “నల్లపిల్లలను వెనక వరుసలో పెట్టండి సార్, ముందుంటే ఫోటో చీకటిగా వస్తది” అన్నాడు ఫోటోగ్రాఫరు. నేను వద్దనలేదు. నేనే కొందరిని చెయ్యి పట్టుకొని వెనక్కు పంపాను. వాళ్లు తలలు వంచుకొని పోయారు.

ఆ ఫోటో మా ఇంటి గోడమీద ఉంది. పోయిన వేసవిలో వాళ్లలో ఒకడు కూతుర్ని వెంటబెట్టుకొని నన్ను చూడవచ్చాడు. అమ్మాయి ఫోటో దగ్గర నిలబడి, “నాయినా, నువ్వేడున్నవ్?” అంది. అతడు చివరి వరుసలో వేలు పెట్టి చూపించాడు. అక్కడ కనబడేది ముందువాడి భుజం వెనక సగం నుదురు, కాస్త జుట్టు.

“మరి మొకమేది?” అంది ఆ పిల్ల.

అతడు నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. “మీ నాయినను వెనక్కు పంపింది నేనే బిడ్డా. తప్పు నాదే” అన్నాను. ఆమె నన్ను, ఫోటోను మార్చి మార్చి చూసింది.

ఇద్దరినీ గడప లోపల నిలబెట్టాను. నాలుగడుగులు వెనక్కి వచ్చి, తెరమీద అతని ముఖాన్ని తాకి ఫోటో తీశాను. ఇద్దరి కళ్లలోనూ మా వాకిలి మెరిసింది. చొక్కా మాత్రం సున్నం కొట్టినట్టు పడి, గుండీలు కూడా కనిపించలేదు.

“ఇంకొకటి తీస్తానుండు” అన్నాను.

“చొక్కాదేముంది సార్, ఉండనీండి” అన్నాడు.