ఫాను రెక్క ఎవరికి అందాలి?

సీలింగ్ ఫాను తుడిచే కర్ర గురించి స్త్రీల హక్కుల పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. ఆ నవ్వేవాళ్లలో, సంక్రాంతి ముందు తలకు గుడ్డ చుట్టుకుని మంచం మీద స్టూలు వేసుకుని ఎక్కేవాళ్లు ఎందరో తెలుసుకోవాలని ఉంది.

మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు దాదాపు 5 అడుగులు. 10 అడుగుల గదిలో ఫాను రెక్క 8, 9 అడుగుల ఎత్తున ఉంటుంది. దుమ్ము ఎక్కువగా పేరుకునేది రెక్క అంచునా, పైవైపునా. కింద నిలబడితే ఆ పైవైపు కంటికే కనబడదు. వంటింటి ఫానుకైతే నూనె జిడ్డు కూడా తోడవుతుంది. అది వదలాలంటే ఒక చేత్తో రెక్క కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో గట్టిగా రుద్దాలి. మరి తాను పడిపోకుండా పట్టుకోవడానికి మూడో చెయ్యేదీ?

రెక్కను పైనా కిందా కరుచుకునే పొడుగు కర్ర బ్రష్షులు బజారులో దొరుకుతున్నాయి. ఆలోచన మంచిదే. కానీ బరువు కర్ర చివరన ఉంటే, చేతులు పైకెత్తి పట్టుకున్న కాసేపటికే మెడా భుజాలూ లాగేస్తాయి. రాలిన దుమ్ము కళ్లలో పడుతుంది. తేలికైన కర్ర, మనిషిని బట్టి మార్చుకునే పొడవు, జారని పిడి, దుమ్ము పట్టే సంచి - ఇవి చేయలేనివేం కావు. పాత దిండు గలీబు రెక్కకు తొడిగి లాగితే దుమ్ము అందులోనే ఉండిపోతుందని ఎందరో ఆడవాళ్లకు తెలుసు. దాన్ని డిజైను అని మాత్రం ఎవరూ అనరు.

అయితే "ఆడవాళ్లకు సుఖం" అంటూ వచ్చే ప్రతి వస్తువునూ నేను అనుమానంగానే చూస్తాను. 1926లో ఆస్ట్రియా ఆర్కిటెక్టు మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ, ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కడుతున్న ఇళ్ల కోసం వృథా నడక లేని వంటగదిని రూపొందించింది. శ్రమ తగ్గింది నిజమే. కానీ అందులో ఒక్క మనిషికే చోటు, ఆ మనిషి ఎవరో చెప్పనక్కర్లేదు. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు, చేసే పురుషులు 88 నిమిషాలు. తేలిక బ్రష్షు ఈ లెక్కను మార్చదు. ఇంట్లో అందరికన్నా పొడుగు మనిషి ఆ కర్రను ముట్టడు గదా! (ఫాను బిగించాల్సి వస్తే మాత్రం ఎక్కుతాడు.)

అందుకని పరికరమే వద్దనలేను. చాలా ఇళ్లలో స్టూలు ఎక్కేది ఇంటావిడ కూడా కాదు, జీతానికి వచ్చే గృహ కార్మికురాలు. పడి చెయ్యి విరిగితే ఆమెకు వైద్యం ఖర్చే కాదు, నాలుగిళ్ల పనీ పోతుంది. గృహ కార్మికులకు సురక్షితమైన పని పరిస్థితులు హక్కు అని చెప్పే అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడికకు 2011లో మన ప్రభుత్వం ఓటు వేసింది, ఇప్పటికీ ధృవీకరించలేదు. ఈలోగా జీతం, వారపు సెలవు మాట్లాడేటప్పుడే సంఘాలు మరో షరతు పెట్టవచ్చు: నేలమీద నిలబడి తుడిచే కర్ర ఇంటివాళ్లే కొనాలి, స్టూలు ఎక్కం. తయారుచేసేవాళ్లు కూడా నమూనాను ముందు ఈ స్త్రీల చేతికిచ్చి, కూలి కట్టి, ఒక పూట నాలుగు ఫాన్లు తుడిపించి చూడాలి. కర్ర బరువెంత ఉండాలో వాళ్లే చెబుతారు.