చెల్లె లోకల్ కాదా?

మా పిన్ని కూతురు డాలస్‌లో పుట్టింది. 2022లో కుటుంబమంతా కరీంనగర్ వాపస్ వచ్చేసింది. తొమ్మిదో తరగతి నుంచి ఇక్కడే చదివింది, ఇప్పుడు ఇంటర్ సెకండియర్. తెలుగు నాకన్నా మంచిగ రాస్తది (నేను ఇంగ్లిష్ మీడియం బాపతు).

వచ్చే ముందే ఓసీఐ కార్డు తీసుకున్నరు. చిక్కు అక్కడే ఉంది. 2021 మార్చి 4 తర్వాత కార్డు తీసుకున్నవాళ్లకు నీట్, జేఈఈలో భారత పౌరులకే ఉంచిన సీట్లు రావు. పౌరసత్వం కావాలంటే 5 ఏండ్లు ఓసీఐగా ఉండాలె, ఏడాది ఇక్కడ నివసించాలె, ఆపైన అమెరికా పాస్‌పోర్టు వదులుకోవాలె. అదే ఐర్లాండ్‌లో తాతో అమ్మమ్మో పుట్టి ఉంటే చాలు, అమెరికాలో ఉన్న మనవడు పేరు నమోదు చేయించుకొని ఐరిష్ పౌరుడు అయితడు. ఏదీ వదలక్కర్లేదు.

"డాలర్ల పిల్లలకు మన సీట్లెందుకు?" అంటడు మా రూమ్మేట్. ఆ భయం నాకూ తెలుసు, ర్యాంకు కోసం నేనూ కొట్టుకున్నోణ్నే. కానీ సెలవులకు వచ్చిపోయే పిల్ల వేరు, ఇక్కడే టెన్త్ రాసిన పిల్ల వేరు. తెలంగాణలో వరుసగా 4 ఏండ్లు చదివితే లోకల్ అని మన రాష్ట్రమే అంటది. కేంద్రం కూడా ఆ లెక్కే పెట్టొచ్చు కదా?

మొన్న చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, ఫారంలో నేషనాలిటీ దగ్గర ఏం పెట్టాలె?" ఏం చెప్పాల్నో తెలిసీ, చెప్పబుద్ధి కాలేదు.