ఆల్-ఇన్ అన్నాడు సరే, కాల్ చెయ్యాలా పడేయాలా?

పేకాటంటే మనవాళ్ళకి రమ్మీ, లేదంటే మూడు ముక్కలాట. పోకర్‌ని సినిమాల్లో మాత్రమే చూసినవాళ్ళు అదేదో ఎదుటివాడి కళ్ళలోకి చూసి చేతిలో ముక్కలు కనిపెట్టే విద్య అనుకుంటారు. ముఖ్యంగా ఆటలో ఇద్దరే మిగిలి, ఒకడు తన చిప్స్ అన్నీ ముందుకి తోసేసి "ఆల్-ఇన్" అన్నాక రెండోవాడు చెమటలు తుడుచుకునే ఘట్టం చూసి. నా మటుకు నాకు అది భాగహారం చెయ్యాల్సిన ఘట్టం. "వాడి దగ్గర ఏముంది?" అనేది రెండో ప్రశ్న. "ఈ కాల్ నాకెంతకి పడుతోంది?" అనేది మొదటిది.

లెక్క చాలా చిన్నది. మధ్యలో 100 ఉంది, వాడు ఇంకో 100 తోశాడు. మీరు 100 పెడితే మొత్తం 300 అవుతుంది. అంటే మూడు సార్లలో ఒక్కసారి గెలిచినా నష్టం లేదు. వాడు 50 మాత్రమే తోస్తే 25 శాతం చాలు. ఏకంగా 200 తోసినా 40 శాతం చాలు. పందెం ఎంత పెద్దదైనా సరే, కావలసిన శాతం 50 దాటదు, ఎందుకంటే మధ్యలో ఇంతకుముందే పడి ఉన్న డబ్బు కూడా గెలిచినవాడికే వస్తుంది కదా. ఓడిపోయే అవకాశమే ఎక్కువైనా కాల్ చెయ్యడం సరైనదే అయ్యే సందర్భాలు బోలెడు ఉన్నాయన్నమాట. ఇది మనసుకి ఓ పట్టాన ఎక్కదు.

ఇంకోటి. "ఇప్పటికే ఇంత పెట్టా, ఇప్పుడు వదిలేస్తే ఎలా?" అనుకుని కాల్ చేసేవాళ్ళుంటారు. పెట్టింది ఇక మీది కాదు. అది గెలిస్తే వచ్చే బహుమతిలో భాగం, అంతే. ఎవరు పెట్టారన్నది లెక్కలోకి రాదు.

ఓ నిజమైన ఆట చూద్దాం. 2003లో లాస్ వేగాస్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్. 839 మంది, తలా పదివేల చిప్స్. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు శామీ ఫార్హా, ఆరితేరిన ఆటగాడు. రెండోవాడు క్రిస్ మనీమేకర్, టెనెసీకి చెందిన అకౌంటెంట్, 86 డాలర్ల ఆన్‌లైన్ ఆటలో గెలిచి అక్కడిదాకా వచ్చినవాడు. (నిజంగానే ఇంటిపేరు అదే :-)) మొదటి బహుమతి 25 లక్షల డాలర్లు, రెండోది 13 లక్షలు. 13 లక్షలు ఇద్దరికీ ఖాయం, పోరు మిగతా 12 లక్షల కోసం. ఇంకెవరో ముందు ఓడిపోతే మన బహుమతి పెరుగుతుందని కాచుక్కూర్చునే వీల్లేదు. అందుకే ఇద్దరే ఉన్నప్పుడు పైన చెప్పిన లెక్క ఏ సవరణా లేకుండా పనిచేస్తుంది.

బల్లమీద పరిచిన ముక్కలు: ఇస్పేటు తొమ్మిది, డైమండ్ రెండు, ఇస్పేటు ఆరు, ఇస్పేటు ఎనిమిది, ఆఠీను మూడు. ఫార్హా చేతిలో ఇస్పేటు రాణి, ఆఠీను తొమ్మిది. అంటే తొమ్మిదుల జత. మధ్యలో దాదాపు 18 లక్షల చిప్స్. మనీమేకర్ ఆల్-ఇన్ అన్నాడు.

ఇప్పుడు ధర చూద్దాం. మొత్తం చిప్స్ 83.9 లక్షలు. ఇద్దరిలో తక్కువున్నవాడి దగ్గర ఆ చెయ్యి మొదలైనప్పుడు సగానికి, అంటే 42 లక్షలకి, మించి ఉండవు. ఈ చేతిలో అప్పటికే తలా 9 లక్షలు పెట్టేశారు. కాబట్టి అసలు పందెం 33 లక్షలు దాటదు. ఎలా తిప్పి లెక్కేసినా ఫార్హాకి కావలసింది 40 శాతం లోపే.

రెండో ప్రశ్న ఇప్పుడు అడగాలి. అది కూడా "ఏముంది?" అని కాదు, "ఏమేం ఉండొచ్చు?" అని. బల్లమీద మూడు ఇస్పేట్లు ఉన్నాయి కాబట్టి రెండు ఇస్పేట్లున్నవాడికి ఫ్లష్. మిగిలిన పది ఇస్పేట్లలో రెండు పట్టుకునే విధాలు 45. కానీ ఒకటి ఫార్హా చేతిలోనే ఉంది, కాబట్టి 36. ఒక్క ముక్క చేతిలో ఉండటం వల్ల భయపెట్టే చేతుల్లో ఐదో వంతు ఎగిరిపోయింది! ఇంకోపక్క ఇస్పేటు ఆసో రాజో ఒక్కటే పట్టుకుని, నాలుగో ఇస్పేటు కోసం చూసి భంగపడ్డ చేతులూ ఉంటాయి. ఇక తేల్చుకోవలసింది ఒక్కటే: ఈ మనిషి ఇలాంటి చోట పదిసార్లు తోస్తే అందులో నాలుగుసార్లు బ్లఫ్ ఉంటుందా?

ఫార్హా ఉండదనుకున్నాడు, పడేశాడు. మనీమేకర్ చేతిలో ఉన్నవి ఇస్పేటు రాజు, ఆఠీను ఏడు. జత కూడా లేదు. చివరికి టైటిల్ కూడా అతనిదే.

అప్పట్నుంచీ ఫార్హా మోసపోయాడనే అంటారు అందరూ. నేనైతే కాల్ వైపే మొగ్గుతాను, కానీ దానికి కారణం ఆ ధర, ఆ ఇస్పేటు రాణి. మనీమేకర్ ముక్కలు తిరగేసి చూపించాక తెలిసిన సంగతి కాదు. అవే ముక్కలు ఫ్లష్ అయ్యుంటే ఇదే జనం "ఆహా, ఏం క్రమశిక్షణ!" అనేవాళ్ళు. నిర్ణయం రెండు సందర్భాల్లోనూ ఒకటే కదా? ఒకే నిర్ణయం ఓసారి తెలివి, ఓసారి తెలివితక్కువ ఎలా అవుతుంది?

2017 జనవరిలో కార్నెగీ మెలన్ వాళ్ళ లిబ్రేటస్ అనే ప్రోగ్రాం ఇద్దరే ఆడే ఈ ఆటలోనే నలుగురు ప్రొఫెషనల్స్‌తో 1,20,000 చేతులు ఆడి 17 లక్షల డాలర్ల పైచిలుకు విలువైన చిప్స్ గెలిచింది. దానికి మొహాలు చదవడం రాదు. ఓడిన చెయ్యి తల్చుకుని కుమిలిపోవడమూ రాదు.

మనకి మాత్రం అది ఆఫీసులో రోజూ కనిపించే జబ్బే. శుక్రవారం సాయంత్రం టెస్టింగ్ లేకుండా రిలీజ్ చేసినవాడికి ఏమీ పేలకపోతే "ధైర్యవంతుడు" అని అప్రైజల్లో మార్కులు. అన్నీ చూసుకుని చేసినవాడికి సర్వర్ పడిపోతే చీవాట్లు. ఫలితాన్ని బట్టే మనిషిని తూచే టీములో ఎవడూ సరైన రిస్కు తీసుకోడు, అదృష్టవంతులే పైకొస్తారు.

ఇది చదివి పందాలకి బయల్దేరకండి బాబూ. 40 శాతం గెలవడమంటే 60 శాతం ఓడిపోవడం. ఇంటద్దె డబ్బు పెట్టినవాడికి మొదటి ఓటమితోనే ఆట అయిపోతుంది, సగటు లెక్క వాడిదాకా రాదు. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్, 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధ చట్టాలు తెచ్చింది ఊరికే కాదు. ప్లాస్టిక్ చిప్స్‌తో, స్నేహితులతో ఆడుకోండి. ఓడిన రోజున ముక్కల్ని తిట్టకుండా, "నాకెంతకి పడింది, ఎంత శాతం అనుకున్నా?" అని ఓసారి లెక్క చూసుకోండి. లెక్క సరిగ్గా ఉంటే హాయిగా నిద్రపోవచ్చు.