నెల మొదటి ఆదివారం మనమూ బయటికి వద్దాం

మెసేజింగ్ ప్రొటోకాల్ ఎక్స్‌ఎంపీపీ సర్వర్లు నడిపేవాళ్లకు, ఆ యాప్‌లను తెలుగులోకి తెచ్చేవాళ్లకు, “మా ఇంట్లో వాట్సాప్ వదలరండీ” అని ఊరుకున్నవాళ్లకు ఒక విన్నపం.

2025 డిసెంబర్ చివర్లో జర్మనీలోని హాంబర్గ్‌లో హ్యాకర్ల సంఘమైన కేయాస్ కంప్యూటర్ క్లబ్ వార్షిక సమావేశం జరిగింది. మాట్లాడే కంగారూ కథలతో ఆ దేశంలో పేరు తెచ్చుకున్న రచయిత మార్క్-ఉవే క్లింగ్ ఆ వేదిక మీద ఒక పిలుపు ఇచ్చారు. ప్రతి నెలా మొదటి ఆదివారాన్ని డిజిటల్ స్వాతంత్ర్య దినంగా పెట్టుకుందాం, ఆ రోజు పెద్ద కంపెనీల సేవ ఏదో ఒకటి వదిలి స్వేచ్ఛగా నడిచే దానికి మారదాం, మారాలనుకునే పక్కవాళ్లకూ సాయం చేద్దాం అన్నారు. అన్నీ ఒక్క రోజులో వదిలెయ్యమని ఉపదేశాలు చెయ్యలేదు. ఆ తీరు మాకు నచ్చింది.

ఈ ఉద్యమానికి మనం మద్దతు పలకాలా వద్దా? పలకాలనే మేమంటాం. పలుకుతూనే మన వంతుగా ఒక షరతు గట్టిగా వినిపించాలనీ అంటాం.

“మనం ప్రొటోకాల్ రాసుకునేవాళ్లం, ఉద్యమాలు మనకెందుకు” అనే మాట మనలోనే ఉంది. ఆ మాటకు జవాబు మన చరిత్రే చెప్తుంది. 2005లో గూగుల్ టాక్ మన ఎక్స్‌ఎంపీపీ ప్రొటోకాల్ మీదే మొదలైంది. 2006 జనవరిలో బయటి సర్వర్లతోనూ మాటలు కలిపింది. జీమెయిల్ పక్కన ఆకుపచ్చ చుక్కలు చూసుకుని ఆఫీసుల్లో కబుర్లాడుకున్న తరానికి అది బాగా గుర్తు. ఇంకేముంది, గెలిచేశామని మనవాళ్లు సంబరపడ్డారు. 2013లో హ్యాంగవుట్స్ దిగింది, మరుసటి ఏడాదికల్లా బయటి సర్వర్లతో సంబంధం తెగిపోయింది. ఫేస్‌బుక్ చాట్ కూడా 2010లో బయటి యాప్‌లకు దారి ఇచ్చినట్టే ఇచ్చి తర్వాత మూసేసింది. వాట్సాప్ సంగతి మరీ విడ్డూరం. ఎజబ్బర్‌డీ అనే ఎక్స్‌ఎంపీపీ సర్వర్‌నే తనకు కావలసినట్టు మార్చుకుని అది మొదలైంది. బయటివాళ్లతో మాట్లాడే గుణాన్ని మాత్రం ఉంచుకోలేదు. 2014లో దాన్ని 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ఫేస్‌బుక్ ప్రకటించింది. మన కోడ్‌లో లోపం వల్ల కాదు ఇదంతా జరిగింది. జనమంతా అటు పోగయ్యారు, మనం మెయిలింగ్ లిస్టుల్లో మిగిలిపోయాం.

ఒక కంపెనీ చేతిలో మీట ఉంటే ఏమవుతుందో 2025 జులైలో మన దేశంలోనే చూశాం. గుజరాత్‌లోని వాడినార్‌లో పెద్ద రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీలో రష్యా కంపెనీ రోస్‌నెఫ్ట్‌కు వాటా ఉంది. యూరప్ నయారా మీద ఆంక్షలు పెట్టగానే మైక్రోసాఫ్ట్ ఆ సంస్థ ఈమెయిల్, టీమ్స్ ఆపేసింది. డబ్బు కట్టి తీసుకున్న సేవ కోసం నయారా ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఆ తర్వాత సేవలు తిరిగి వచ్చాయి, నిజమే. అంత పెద్ద కంపెనీ కాబట్టి వచ్చాయి. మీ అపార్ట్‌మెంట్ సంఘం ఖాతా ఆగిపోతే ఏ కోర్టుకు పోతారు?

ఇక ఇంటి సంగతి. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంటే వద్దనే మూర్ఖులం కాము. మీసేవ కేంద్రాలు ఉండనే ఉన్నాయి కదా అని కొందరంటారు, అదీ ఒప్పుకుంటాం. కానీ చాట్‌లో సర్కారుతో మాట్లాడాలంటే వాట్సాప్ యజమాని మెటా షరతులకు ఒప్పుకుని ఖాతా తెరవడమే దారి ఎందుకు కావాలి? ఆ షరతులు ఎంత సులువుగా మారతాయో 2021 జనవరిలో చూశాం. ఆ వ్యవహారంలోనే కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబర్‌లో మెటాకు 213 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది, గొడవ పై మెట్లకూ ఎక్కింది. అదే సేవను అందరికీ తెరిచి ఉన్న ప్రొటోకాల్ మీద కూడా ఇవ్వడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. ఎక్స్‌ఎంపీపీలో బాట్లు రాయడం మనకు కొత్త కాదు. ప్రభుత్వానికి అర్జీ పెట్టాల్సిందీ మనమే, నమూనా చేసి చూపించాల్సిందీ మనమే.

ఇప్పుడు మన షరతు. విదేశీది వదిలి స్వదేశీది పట్టుకుంటే స్వాతంత్ర్యం వచ్చేసిందనే ప్రచారం జోరుగా ఉంది. 2025 సెప్టెంబర్‌లో జోహో వాళ్ల మెసేజింగ్ యాప్ అరట్టైని జనం ఎగబడి దించుకున్నారు. మన ఇంజినీర్లు చేశారంటే మాకూ సంతోషమే. అయితే అరట్టైలో ఉన్నవాళ్లతో మాట్లాడాలంటే మనమూ అరట్టైలోకే పోవాలి. ఫోన్‌పేలో ఉన్నవాడు గూగుల్ పేలో ఉన్న కూరగాయలామెకు డబ్బు పంపుతున్నాడు, ఇద్దరూ ఒకే యాప్‌లో ఉండాలని యూపీఐలో ఎవరూ అడగరు. మెసేజ్‌లు కూడా యూపీఐలా, ఈమెయిల్‌లా అన్ని యాప్‌ల మధ్యా నడవాలని జోహో సహవ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు కూడా బహిరంగంగానే అన్నారు. చేసి చూపించిన రోజున చప్పట్లు కొడదాం. అందాకా మన మద్దతు ప్రకటనలో యజమాని దేశం పేరు కాకుండా, బయటి సర్వర్‌తో మాట్లాడుతుందా లేదా అన్నదే కొలతగా రాయాలి. యూరప్‌లో డిజిటల్ మార్కెట్ల చట్టం కింద, అడిగిన యాప్‌లకు వాట్సాప్ దారి ఇవ్వక తప్పదు. మన డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా 2024 మార్చిలో బయటికొచ్చింది. ఇలా దారి ఇవ్వాలనే కోరిక అక్కడా నమోదు కావాలి.

“మన యాప్‌లు ఇంకా అంత బాగాలేవు” అనే సందేహంలో నిజం ఉంది. కొన్ని ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో యాప్‌ని వెనకాల చంపేస్తాయి. రాత్రి పంపిన మెసేజ్ అత్తయ్యకు పొద్దున టీ పెట్టుకుంటూ ఫోన్ తెరిస్తేగాని రాదు, “నీ యాప్ పనిచెయ్యట్లేదురా” అంటుంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ ఆంక్ష తీసెయ్యాలి, ఆటోస్టార్ట్ ఉంటే ఆన్ చెయ్యాలి. ఆవిడ ఎదురుగా కూర్చుని చేస్తే అయిపోయే పని, ఫోన్‌లో చెప్తే ఎంతకీ తెమలదు. కొత్త ఫోన్ కొంటే ఒమీమో ఎన్‌క్రిప్షన్ తాళాలు మారి పాత మెసేజ్‌లు తెరుచుకోకపోవచ్చు, ఆ సంగతి ముందే చెప్పాలి. చిరునామాలు, సర్వర్ల పేర్లు ఎంచుకొమ్మంటే జనం అక్కడే ఆగిపోతారు. అందుకే స్నికెట్ యాప్‌లో ఆహ్వాన లింకు ఒక్కటి పంపితే చాలు, క్విక్సీలో ఫోన్ నంబరుతోనే చేరొచ్చు. మన దేశంలో సహకార పద్ధతిలో నడపాలని తలపెట్టిన ప్రావ్‌దీ ఆ దారే.

ఒక్కరు మారితే లాభం లేదన్నది 2021 నేర్పిన పాఠం. వాట్సాప్ షరతులు మారినప్పుడు సిగ్నల్‌కు, టెలిగ్రామ్‌కు పరుగెత్తినవాళ్లలో చాలామంది వేడి చల్లారాక వెనక్కి వచ్చేశారు, ఎందుకంటే బంధువుల గ్రూపు కదల్లేదు. కాబట్టి మనిషిని కాదు, గ్రూపుని కదిలించాలి. అదీ చిన్న గ్రూపు: అక్కాచెల్లెళ్లది, కాలేజీ రూమ్మేట్లది, నలుగురు కలిసి నడిపే చీటీది. వాట్సాప్ తీసెయ్యమని పట్టుపట్టకండి, ఆ ఒక్క గ్రూపు ఇటు వస్తే ఈ నెలకు చాలు.

సర్వర్లు నడిపేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ప్రోసడీ లాంటి సాఫ్ట్‌వేర్ చిన్న అద్దె సర్వర్ మీద కూడా హాయిగా నడుస్తుంది, ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. అర్ధరాత్రి ఆగిపోతే లేచి చూసే మనిషే కరువు. ఒక్కరి మీద వెయ్యకుండా ముగ్గురైనా తాళాలు పంచుకోండి. బ్యాకప్ తీసి ఊరుకోకండి, దాన్ని ఒకసారి తిరిగి ఎక్కించి చూడండి. ఆ తర్వాతే ఆహ్వాన లింకులు పంచండి.

మద్దతు ప్రకటన ముసాయిదా మీ ఊళ్లో మీరే రాసుకోండి, సంతకాలు పెట్టండి, వచ్చే మొదటి ఆదివారానికి ముందే బయటపెట్టండి. ఈ కరపత్రాన్ని ఎవరైనా అచ్చువేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. వాట్సాప్‌లో పంపినా మాకు అభ్యంతరం లేదు.