కోయడానికి ఇంకేముంది?

అప్పుల గురించి మాట్లాడే ప్రతివాళ్లకీ ఈ మధ్య ఒకటే మందు దొరికింది: లెక్క రాయండి, ఖర్చు కోయండి. పొద్దున్నే టీవీలో కనిపించే ఆర్థిక సలహాదారు, ఆదివారం అనుబంధంలో పొదుపు శీర్షిక రాసే ఆయన, ఆఫీసులో పక్క సీటు పెద్దమనిషి, ముగ్గురిదీ ఒకే పాట. బయట టీ తాగొద్దు, ఆదివారం బిర్యానీ వద్దు, ఫోన్లో సినిమాల చందా తీసేయాలి, మిగిలిన ప్రతి రూపాయీ అప్పుకి కట్టేయాలి. ఇంత తేలికైన పని కూడా చేయలేదంటే ఆ మనిషి బద్ధకస్తుడో దుబారా మనిషో అయ్యుండాలి. అప్పుచేసి పప్పుకూడు అనే మాట ఎలాగూ సిద్ధంగా ఉంది, మీద పడేయడానికి.

ఆ పేరుతో 1959లో ఎల్వీ ప్రసాద్ తీసిన సినిమా చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, అందులో అప్పులు చేసి దర్జా వెలగబెట్టేది ఒక జమీందారు. అలాంటివాళ్లని వెక్కిరించాల్సిన సామెతని కిలో కందిపప్పు కొనాలంటే అరకిలోతో సరిపెట్టుకునే ఇంటి మీదికి తిప్పడం మన తెలివి. స్తోమతుకు మించి పెళ్లిళ్లు చేసేవాళ్లు లేరా, ఆన్‌లైన్ పందేల్లో జీతం ఊడ్చేసేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. వాళ్లకి ఈ సలహా పనికొస్తుంది, వాళ్లు వినరు. వినేది, విని కుంగిపోయేది వేరే ఇల్లు.

అలాంటి ఇల్లు మా వీధిలోనే ఒకటుంది. ఆవిడ బట్టలు కుడుతుంది, భర్త ఆటో నడుపుతాడు. మిషను సొరుగులో టేపు పక్కన ఒక నోటుపుస్తకం ఉంటుంది. కొలతలు ముందునుంచి, ఇంటి జమాఖర్చు వెనకనుంచి రాసుకుంటుంది. ఒక నెల పద్దు చూపించింది. ఇద్దరిదీ కలిపి రాబడి 27,000. అద్దె 6,000. బియ్యం, సరుకులు 5,000. కూరగాయలు 2,000. పాలు 1,400. గ్యాసు, కరెంటు 1,600. బడి, ట్యూషను 2,500. అత్తగారి మాత్రలు 900. రెండు ఫోన్ల రీచార్జి 600. మొత్తం 20,000. మిగిలేది 7,000.

కట్టాల్సినవి వేరే పేజీలో ఉన్నాయి. గ్రూపు లోను కిస్తీ 2,900. ఆటో ఇంజను పని చేయించినప్పుడు తెచ్చిన డైలీ ఫైనాన్సుకి రోజుకి వంద, అంటే నెలకి 3,000. ఫ్రిజ్ వాయిదా 1,800. చిట్టీ 2,000. తాకట్టులో ఉన్న గొలుసు, గాజుల మీద వడ్డీ 1,500. వెరసి 11,200. ఏడు వేల నుంచి పదకొండు వేల రెండొందలు కట్టాలి. "రాస్తే అప్పు తగ్గదండీ. ఎవరికి ఎప్పుడివ్వాలో మర్చిపోకుండా ఉంటాను, అంతే" అంది.

ఇప్పుడు మన సలహాదారుని పిలిచి ఈ పేజీ మీద కత్తెర పెట్టమనండి. బిర్యానీ పద్దు లేదు. టీ పద్దు లేదు. పాలు మొత్తం మాన్పించినా, ట్యూషను మాన్పించినా, ఇంకా లోటే. అత్తగారి మాత్రలు ఆపమనే ధైర్యం ఉంటే అది కూడా చెప్పమనండి. నెలనెలా తగ్గే ఆ 4,200 ఎక్కడినుంచి వస్తుంది? ఇంకో అప్పు నుంచి. దీనికి దుబారా అనే పేరు పెట్టడానికి నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు.

పైగా ఆ 27,000 కూడా మాటవరసకి. నెల బడ్జెట్టు వేయమనేవాళ్లందరూ ఒకటో తారీఖున జీతం పడే మనుషులు. కుట్టుమిషను క్యాలెండరు వేరు. శ్రావణమాసంలో, దసరాకి, సంక్రాంతికి రాత్రి పన్నెండు దాకా కుట్టినా తరగని పని. ఆషాఢం వస్తే ఫాల్స్ కుట్టడం తప్ప ఇంకేం ఉండదు. మూఢం పడితే పెళ్లి జాకెట్లు పోయినట్టే. ఆటోకి వానల్లో ఒక లెక్క, ఎండల్లో ఒక లెక్క. రాబడి ముహూర్తాల్ని బట్టి వస్తుంది, కిస్తీ తారీఖుల్ని బట్టి వస్తుంది. ఆ రెండిటి మధ్య దూరమే అప్పుల్లో సగం పుట్టించేది. అది ఎంత కోసినా పూడదు.

ఈ సలహాల్లో బాగా చెలామణిలో ఉన్నది యాభై, ముప్పై, ఇరవై సూత్రం. రాబడిలో సగం అవసరాలకి, ముప్పై శాతం సరదాలకి, ఇరవై శాతం పొదుపుకీ అప్పులకీ. 2005లో ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు అమేలియా కలిసి అమెరికా కుటుంబాల కోసం రాసిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. అక్కడి సంసారాలకి అది ఎంత నప్పుతుందో అక్కడివాళ్లు చూసుకుంటారు. మన కుట్టుమిషను ఇంట్లో అవసరాలకే డెబ్బై నాలుగు శాతం పోతోంది. ఇక మన దగ్గరి నిబంధన చూడండి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం సంవత్సరానికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి హామీ లేకుండా ఇచ్చేది సూక్ష్మరుణం. ఆ ఇంటి అప్పుల వాయిదాలన్నీ కలిపి నెల రాబడిలో సగం దాటకూడదు. పరిమితి పెట్టడం మంచిదే. కానీ నెలకి 25,000 వచ్చే ఇంట్లో పన్నెండున్నర వేలు కిస్తీలకి పోయినా తప్పులేదని దాని అర్థం. మిగిలిన సగంలో ఇల్లు నడపమని, అందులోనూ సరదాలు కోసుకోమని వేరే ఇంకొకాయన వచ్చి చెబుతాడు.

సలహాదారులు ఎప్పుడూ తెరవని పేజీ వడ్డీది. ఎందుకు తెరవరో ఊహించుకోవచ్చు. వాళ్ల కార్యక్రమం మధ్యలో వచ్చే ప్రకటనలు ఎవరివో ఒకసారి చూడండి.

మన పల్లెల్లో వడ్డీ లెక్క చాలా సూటిగా ఉంటుంది: నూటికి నెలకి ఎన్ని రూపాయలు? రూపాయి వడ్డీ అంటే ఏడాదికి పన్నెండు శాతం. రెండు రూపాయలంటే ఇరవై నాలుగు. 2004 తర్వాత డ్వాక్రా సంఘాలకి పావలా వడ్డీ అన్నప్పుడు ఏ సలహాదారూ విడమర్చి చెప్పకుండానే అది ఏడాదికి మూడు శాతమని ప్రతి ఊళ్లో ఆడవాళ్లకి అర్థమైంది. ఇదే కొలబద్ద పట్నం అప్పులకి పెట్టి చూడండి. క్రెడిట్ కార్డు బాకీ నెట్టుకుంటూ పోతే చాలా కార్డుల మీద నెలకి మూడున్నర శాతం దాకా పడుతుంది. అంటే మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో మూడు రూపాయలకి నోటు రాయించుకునేవాణ్ణి జలగ అంటాం. కార్డు మీద పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటే గౌరవం అంటాం.

డైలీ ఫైనాన్సు ఇంకా ఘోరం. పదివేలు రాసుకుంటాడు, వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతాడు. రోజుకి వంద చొప్పున వంద రోజులు. "వెయ్యే కదా" అనిపిస్తుంది. కానీ రోజూ తిరిగి కడుతూనే ఉంటాం కాబట్టి ఆ వంద రోజుల్లో సగటున మన దగ్గర ఉండే డబ్బు నాలుగున్నర వేలే. దాని మీద మూడు నెలల చిల్లరకి వెయ్యి. నూటికి నెలకి ఆరు రూపాయల పైన పడింది. అలాగే "పన్నెండు శాతమే, ఫ్లాట్" అని ఇచ్చే లక్ష చూడండి. రెండేళ్లకి వడ్డీ 24,000 ముందే కలిపి నెలకి 5,167 కట్టమంటారు. అసలు తగ్గుతూ వస్తున్నా వడ్డీ మాత్రం చివరిదాకా లక్ష మీదే వేస్తారు. నిజానికి అది ఇరవై ఒకటిన్నర శాతం. ఈ మోసం కనిపెట్టడానికే 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులూ ఫైనాన్సు కంపెనీలూ కొత్త రిటైల్ రుణాలకి అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటుతో ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలని, అది అప్పు తీసుకునేవాళ్లకి అర్థమయ్యే భాషలో ఉండాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. టీ మానేయమని చెప్పే గొంతుల్లో ఒక్కటైనా "ఆ కాగితం తెలుగులో అడగండి" అనగా మీరు విన్నారా?

మా దర్జీ ఆవిడ బంగారం మీద లక్షకి నెలకి పదిహేను వందలు కడుతోంది, రూపాయిన్నర వడ్డీ. అదే నగల్ని విడిపించి బ్యాంకులో పెట్టుకుంటే రూపాయి లోపే అవుతుంది. నెలకి కనీసం ఐదొందలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే మిగులుతుంది. ఇంట్లో ఎవరి గ్లాసులోనూ పాలు తగ్గించక్కర్లేదు. చిట్టీ పాడుకుని, పాటలో కొంత పోయినా సరే, డైలీ ఫైనాన్సువాడి లెక్క ముగిస్తే రోజుకో వంద ఇంట్లో ఉంటుంది. కోత పెట్టాల్సిన చోటు అది. కానీ మనిషి సహజంగా అక్కడికి వెళ్లదు. గుమ్మం ముందు నిలబడి కేకలేసేవాడికి ముందు కట్టేస్తుంది. ఖరీదైన అప్పు ఏదో, గొంతు పెద్ద అప్పు ఏదో రెండూ ఒకటి కావు. సలహా అంటూ ఇవ్వాలంటే అక్కడ ఇవ్వాలి.

2019లో జాతీయ నమూనా సర్వే రైతు కుటుంబాల్ని అడిగితే ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయని తేలింది. దేశం మొత్తం మీద అది సగమే. పదిళ్లలో తొమ్మిదిళ్లు దుబారా ఇళ్లేనా? కృష్ణా, గోదావరుల మధ్య పుట్టినవాళ్లకి లెక్కలు రావా? 2010 అక్టోబరులో, గ్రూపు లోన్ల వసూళ్ల ఒత్తిడికి ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న గొడవ మధ్య, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చినప్పుడు అది ఆడవాళ్ల ఖర్చుల మీద కాదు, కంపెనీల వసూళ్ల మీద. అసలుని మించి వడ్డీ రాబట్టకూడదని అందులో రాశారు. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ బాగోతం బయటపడ్డప్పుడు పోలీసులు వెతికింది కూడా అప్పిచ్చినవాళ్ల ఇళ్లలోనే. నిజంగా ఇల్లు తగలబడ్డప్పుడు అందరికీ తెలుసు నిప్పు ఎక్కడుందో. చల్లారాక మళ్లీ బిర్యానీ దగ్గరికి వస్తాం.

ఖర్చు కోయమనేవాళ్లకి మరీ కంటగింపు చదివింపులు. పెళ్లికి వెయ్యి నూటపదహార్లు, ఓణీల ఫంక్షనుకి ఐదొందల పదహారు. ఇదంతా పరువు కోసం పారబోయడమట. ప్రతి ఇంట్లోనూ పెళ్లి అయిన మర్నాడు దాచిపెట్టే ఒక పుస్తకం ఉంటుంది, ఎవరు ఎంత చదివించారో పేరుపేరునా రాసింది. వాళ్లింట్లో శుభకార్యం వస్తే ఆ పుస్తకం తీసి చూసుకుని, కాస్త కలిపి తిరిగి ఇస్తారు. అది వడ్డీ లేని చిట్టీ. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఇరవై వేలు చేబదులు ఇచ్చేది ఆ పుస్తకంలో పేరున్నవాళ్లే, నోటు రాయమనకుండా. పిలిచినచోటికి వెళ్లడం మానేసి నెలకో వెయ్యి మిగుల్చుకున్న ఇల్లు, ఆ తలుపు కూడా తనే వేసుకుంటుంది. బ్యాంకు సిబిల్ స్కోరు కాపాడుకోమని చెప్పేవాళ్లకి ఈ స్కోరు ఎందుకు కనబడదో.

ఇక నిజంగా డబ్బు కారిపోయే చోటు ఒకటుంది, ఏ పొదుపు శీర్షికలోనూ కనిపించదు. ఆ శీర్షికలన్నీ ఇల్లాలిని ఉద్దేశించినవి, తాగేది ఇల్లాలు కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుంటూ తమ ఇళ్ల సంగతి మాట్లాడుకుని, కూలి డబ్బు ఎటు పోతోందో తేల్చుకున్నారు. పాలు తగ్గించుకోలేదు. సారా దుకాణం మూయించారు. 1992 నాటికి అది జిల్లా దాటి ఉద్యమమైంది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దానికి సడలింపు. ఖజానా నిండాలి కదా. ఇంటి లెక్క ఆడవాళ్లే సరిగ్గా వేస్తే అది ఎక్కడిదాకా వెళ్తుందో ప్రభుత్వాలకి ఆ రోజుల్లో బాగా అర్థమైంది. ఇప్పుడు లెక్క వేయమంటున్నవాళ్లు అంతదూరం వెళ్లొద్దన్నట్టే పద్దులన్నీ వంటింట్లోనే ముగిస్తారు.

ఒక్కటి మిగిలింది. చేతిలో రూపాయి ఉంచుకోకుండా అంతా అప్పుకి కట్టేయమంటారు, అప్పు మీద వడ్డీ పెరుగుతుంటే డబ్బు డబ్బాలో పెట్టడం తెలివితక్కువ అంటారు. కాగితం మీద అది నిజం. మా దర్జీ ఆవిడ మాత్రం కిస్తీలన్నీ నెత్తిన ఉన్నా బియ్యం డబ్బా అడుగున రెండు వేలు ముట్టుకోకుండా ఉంచుతుంది, పోతే మళ్లీ చేరుస్తుంది. దాన్ని తప్పుపట్టే సలహాదారు ఆదివారం రాత్రి పిల్లకి జ్వరం నూట మూడు దాటితే, పదివేలు రాయించుకుని తొమ్మిది వేలు ఇచ్చేవాడు తప్ప ఆ వేళప్పుడు ఇంకెవరు ఫోనెత్తుతారో చెప్పి, తర్వాత తప్పుపట్టాలి.